ముందు ఎర్తు చూడరా

మా వీధి చివరింటి పెద్దాయన ఇల్లమ్మేసి ఫ్లోరిడా వెళ్ళిపోతున్నాడు. ఓ శనివారం పొద్దున్నే నేను వాకింగుకి వెళ్తుంటే కేకేసి, గరాజ్‌లోకి తీసికెళ్ళి, మూల దుప్పటి కప్పి ఉన్న వస్తువొకటి చూపించాడు. "నువ్వు ఇంజనీరువి కదా, దీన్ని పట్టుకుపో. స్టార్టవ్వదు. ఊరికే ఇస్తున్నా" అన్నాడు. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్నని, స్టార్టవ్వని వాటితో నాకు రోజూ పరిచయమే గానీ వాటికి చక్రాలుండవనీ చెబుదామనుకున్నాను. ఇంతలో ఆయన దుప్పటి లాగేశాడు.

పసుపూ తెలుపూ రంగుల్లో బుల్లి ట్రాక్టర్. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1963లో తెచ్చిన కబ్ క్యాడెట్ 100. పది గుర్రాల కోహ్లర్ ఇంజను, ఒకే సిలిండరు. ఇక నోరు మెదపలేదు.

మా ఇల్లు ఐసెలిన్లో. మెట్రోపార్క్ స్టేషను, ఓక్ ట్రీ రోడ్డు, దాని మీద దోసెలూ చీరలూ బంగారమూ - ఎడిసన్, ఐసెలిన్ అంటే మనవాళ్ళకి ఇంక చెప్పక్కర్లేదు. ఇక్కడి స్థలాలు ఎంతుంటాయో కూడా చెప్పక్కర్లేదు. మా వెనక పెరడు మామూలు మిషను తోసుకుంటూ పావుగంటలో కోసెయ్యచ్చు. మా ఆవిడ ట్రాక్టరు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "దీంతో ఏం దున్నుతారు, మెంతికూర మడా?" అని లోపలికెళ్ళిపోయింది. మా నాన్న మాత్రం కుర్చీ తెచ్చుకుని దాని పక్కన కూర్చున్నారు.

నాన్న ఊర్నుంచి వచ్చి అప్పటికి నెలన్నర. ఆర్నెల్లుంటారు. అమ్మకి మనవరాలితో సరిపోతుంది. నాన్నకి మాత్రం పొద్దున పదింటికల్లా రోజు అయిపోతుంది. ఓక్ ట్రీ రోడ్డు దాకా నడిచి కూరగాయల ధరల్ని రూపాయల్లోకి మార్చి బాధపడి వెనక్కి రావడం, అంతే. నలభై ఏళ్ళు ట్రాక్టరు నడిపిన మనిషి. అలాంటాయన ముందు చచ్చిన ట్రాక్టరొకటి తెచ్చి పెట్టాను.

అన్నట్టు, ఈ బుల్లి ట్రాక్టర్లు ఎక్కడివో చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైనికులు ఇళ్ళకొచ్చారు. లాంగ్ ఐలండ్‌లో 1947లో మొదలైన లెవిట్‌టౌన్ లాంటి కాలనీలు ఊరి బయట పొలాల్లో పుట్టుకొచ్చాయి. ప్రతి ఇంటికీ గడ్డి. నిన్నటి దాకా బంగాళదుంప పండిన నేలలో ఇవాళ ఎవడూ తినని గడ్డి పెంచి, దాన్ని వారం వారం కొయ్యడం. పొలం పోయింది గానీ ట్రాక్టరు మీద మోజు పోలేదు. వీల్ హార్స్ లాంటి చిన్న కంపెనీలు ఈ మోజు ముందు కనిపెట్టాయి. పెద్ద పెద్ద పొలం ట్రాక్టర్లు చేసే ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కాస్త ఆలస్యంగా కళ్ళు తెరిచి, 1960 చివర్లో కెంటకీలోని లూయీవిల్ ఫ్యాక్టరీలో కబ్ క్యాడెట్ మొదలుపెట్టింది. 'కబ్' అన్నది వాళ్ళ చిన్న పొలం ట్రాక్టరు పేరు. దాని తమ్ముడన్నమాట ఇది. అదే కంపెనీ 1963లో మన మహీంద్రాతోనూ వోల్టాస్‌తోనూ కలిసి బొంబాయిలో ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ ఆఫ్ ఇండియా పెట్టి బి-275 తెచ్చింది. మన పల్లెల్లో ఆ తరం వాళ్ళకి ఆ అంకె చెబితే చాలు, బంధువు పేరు విన్నట్టు తలెత్తుతారు. నాన్న కూడా బోనెట్ మీది అక్షరాలు కూడబలుక్కుని "ఓహో, వీళ్ళేనా" అన్నారు. ఇక్కడ నాకు తమాషాగా అనిపించిందేమిటంటే, ఒకే కంపెనీ ఒకే ఏడాది ఒక దేశానికి గడ్డి కోసుకోడానికీ ఇంకో దేశానికి అన్నం పండించుకోడానికీ బళ్ళు పంపింది.

సరే, అసలు కథకొద్దాం.

బోనెట్ ఎత్తితే ముందు ఎలకల గూడు. లైట్ల వైర్లు సగం తినేశాయి. మిగతా సగం ఎవరో ఎప్పుడో మార్చారు, అన్నీ ఎర్ర వైర్లే. ఏది ఎక్కణ్ణించి ఎక్కడికో తెలీదు. వ్యాఖ్య ఒక్కటీ లేని పాత కోడ్ చూసినట్టుంది. రాసినవాడు ఉద్యోగం మానేసి ఫ్లోరిడా వెళ్ళిపోయాడు కూడా. లైట్ల దారిలో ఫ్యూజు పెట్టాల్సిన చోట వెండి రంగు చాక్లెట్ కాగితం చుట్టి ఉంది. నాన్న అది చూసి నవ్వు ఆపుకోలేకపోయారు. "మనవాళ్ళు సిగరెట్ పెట్టెలో కాగితం పెట్టేవాళ్ళురా. వీళ్ళూ అంతేనన్నమాట."

స్టార్ట్ చెయ్యబోతే ఒక మూలుగు మూలిగి ఊరుకుంటోంది. నేను మల్టీమీటర్ తీశాను. బ్యాటరీ 12.5 వోల్టులు, బాగానే ఉంది. అయినా అనుమానమొచ్చి కొత్త బ్యాటరీ కొన్నాను. అదే మూలుగు. బ్యాటరీ నుంచి స్టార్టరుకెళ్ళే లావు కేబుల్ మార్చాను. అదే మూలుగు. రెండు శనివారాలు అయిపోయాయి. ఇంటర్నెట్టంతా గూగులించి, వైరింగ్ డయాగ్రం ప్రింటు తీసి, గరాజ్ గోడకి అతికించి, రంగు పెన్సిళ్ళతో గీతలు గీసి కూర్చున్నాను. మా అమ్మాయి అది బొమ్మల పుస్తకం అనుకుని తనూ కొంత రంగు వేసింది.

రెండో ఆదివారం సాయంత్రం నాన్న కుర్చీలోంచే అన్నారు, "ముందు ఎర్తు చూడరా. కరెంటు వెళ్ళే దారి చూస్తున్నావు గానీ తిరిగొచ్చే దారి చూడవేం?"

నేను చూశాననే అన్నాను. మీటర్లో ఓమ్‌ల మీద పెట్టి చూస్తే బ్యాటరీ నెగటివ్‌కీ ఫ్రేముకీ మధ్య దాదాపు సున్నా. నాన్న ఒప్పుకోలేదు. నన్ను నాలుగైదుసార్లు స్టార్ట్ కొట్టమని, లేచొచ్చి ఎర్తు కేబుల్ ఫ్రేముకి బిగించిన బోల్టు మీద వేలు పెట్టి, చటుక్కున తీసేశారు. కాలుతోంది.

మీటరు అబద్ధం చెప్పలేదు. నేనే తప్పు ప్రశ్న అడిగాను. ఓమ్ మీటరు ఏదో కొన్ని మిల్లీ ఆంపియర్లు పంపి కొలుస్తుంది. దానికి ఆ తుప్పు అడ్డే కాదు. స్టార్టరు లాగేది ఎనభై ఆంపియర్లు. ఈసారి స్టార్ట్ కొడుతుండగా బ్యాటరీ నెగటివ్‌కీ స్టార్టరు ఒంటికీ మధ్య వోల్టులు చూస్తే నాలుగు! అంటే ఆ తుప్పు పట్టిన అతుకు నిరోధం ఓములో ఇరవయ్యో వంతే. ఆ పిసరంత, పన్నెండులో నాలుగు వోల్టులు మింగేస్తోంది. ఎనభైని నాలుగుతో హెచ్చిస్తే 320 వాట్లు. మూడు వంద వాట్ల బల్బుల వేడి ఆ ఒక్క బోల్టు దగ్గర. నాన్న వేలికి తెలిసింది అదే.

గీకి, శుభ్రం చేసి, కొత్త కేబుల్ బిగించాం. ఇంజను గిర్రున తిరిగింది. నాన్న ఏమీ అనలేదు, కుర్చీ మడతపెట్టి అన్నానికి లేచారు. ఆయన ఏమన్నా అని ఉంటే బాగుండేది.

ఆ రాత్రి పడుకున్నాక ఓ సంగతి తట్టింది. ఎనభై ఆంపియర్లు, ఇరవయ్యో వంతు ఓము - ఈ లెక్క నేను గింజుకుంటున్న చోటికి రెండు మైళ్ళ దూరంలో 1878, 79ల్లో ఇదే లెక్క వేసుకుంటూ కొందరు నిద్ర మానుకున్నారు. మెన్లో పార్క్. పదకొండేళ్ళుగా ఇక్కడుంటున్నాను. మెన్లో పార్క్ అంటే నాకు మాల్. ఎడిసన్ అంటే అద్దెలెక్కువైన ఊరు. ఆ మనిషి పేరే ఈ ఊరి పేరని తెలుసు గానీ, క్రిస్టీ స్ట్రీట్‌లో నిలబెట్టిన ఆ టవరు దగ్గరికి ఏనాడూ వెళ్ళలేదు. మర్నాడు సెలవు పెట్టి నాన్నని తీసుకెళ్ళాను.

1937లో కట్టిన టవరు, 130 అడుగుల పైచిలుకు, నెత్తి మీద పెద్ద గాజు బల్బు. పక్కన చిన్న మ్యూజియం. ల్యాబు మాత్రం లేదు. ఎడిసన్ 1876లో ఇక్కడికొచ్చాడు, 1880ల మొదట్లోనే న్యూయార్క్ వెళ్ళిపోయాడు, తర్వాత వెస్ట్ ఆరెంజ్‌లో ఇంతకంటే పెద్ద ల్యాబు కట్టుకున్నాడు. ఇక్కడి భవనాలు శిథిలమైపోయాయి, కొన్నాళ్ళు వాటిల్లో కోళ్ళు పెంచారట. మిగిలిన చెక్కలూ సామానూ ఏరుకుని హెన్రీ ఫోర్డ్ మిషిగన్‌లోని డియర్‌బోర్న్‌కి పట్టుకుపోయి అచ్చం అలాగే మళ్ళీ కట్టించాడు. ఇక్కడి ఎర్రమట్టి కూడా రైలు పెట్టెల్లో తీసికెళ్ళాడు. 1929లో ముసలి ఎడిసన్ వచ్చి చూసి అంతా బాగానే ఉంది గానీ మా నేల ఇంత శుభ్రంగా ఉండేది కాదన్నాడని కథ. మన చుట్టుపక్కల మట్టి మిషిగన్‌లో చూడ్డానికి టికెట్టు కొనాలన్నమాట. రారిటన్ టౌన్‌షిప్ అన్న పాత పేరు తీసేసి ఎడిసన్ అని పెట్టింది 1954లో.

బల్బు కనిపెట్టింది ఎడిసన్ అని మనం బళ్ళో చదువుకున్నాం. ఈ మధ్య ఆయన్ని విలన్‌ని చేసి టెస్లాకి హారతులివ్వడం ఫ్యాషనైంది. రెండూ నాకు తృప్తినివ్వవు. గాజు బుడ్డిలో తీగ వెలిగించినవాళ్ళు ఆయనకి ముందూ ఉన్నారు, ఇంగ్లండులో జోసెఫ్ స్వాన్ ఆ సమయానికే దగ్గర దగ్గరగా వచ్చేశాడు. మెన్లో పార్క్‌లో జరిగిన అసలు పని వైరింగు. అది మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెడితే ఎవడూ చూడడు, అందుకని బల్బు పెడతారు.

లెక్క ఇది. ఒక దీపానికి వంద వాట్లు కావాలనుకోండి. పది వోల్టుల దగ్గర పది ఆంపియర్లు పంపచ్చు, లేదా వంద వోల్టుల దగ్గర ఒక్క ఆంపియర్. దీపానికి రెండూ ఒకటే. దారిలో ఉన్న రాగి తీగకి కాదు. తీగలో వృథా అయ్యేది ఆంపియర్ల వర్గాన్ని బట్టి ఉంటుంది. అదే తీగలో పది ఆంపియర్లు పంపితే వంద రెట్లు నష్టం. ఆ నష్టం పూడ్చాలంటే వంద రెట్లు లావు రాగి వెయ్యాలి. ఒక వీధికి సరిపడా రాగి కొనేసరికి కంపెనీ మునుగుతుంది. మిగతావాళ్ళు తక్కువ నిరోధం ఉన్న లావుపాటి కడ్డీలు వెలిగించాలని చూస్తుంటే, ఎడిసన్ మనుషులు వంద ఓములకి పైబడే సన్నని తీగ కోసం వెతకడానికి కారణం ఈ రాగి బిల్లే. 1878 చివర్లో చేరిన ఫ్రాన్సిస్ అప్టన్ అనే గణితం చదివినాయన ఈ లెక్కలు వేసేవాడు. దీపాలన్నీ ఒకదాని వెనక ఒకటి కాకుండా పక్కపక్కన కలపాలి, ఒకటి ఆర్పితే ఇంకోటి ఆరకూడదు. అప్పటికి డైనమోల గురించి పెద్దలు చెప్పే మాట ఇంకోటుండేది: లోపలి నిరోధం బయటి నిరోధంతో సమానంగా ఉంటే ఎక్కువ పని జరుగుతుందని. జరుగుతుంది, నిజమే. కాకపోతే పుట్టిన కరెంటులో సగం డైనమోని వేడి చెయ్యడానికే పోతుంది. వీళ్ళు లోపలి నిరోధం వీలైనంత తగ్గించి, పొడుగాటి కాళ్ళున్న అయస్కాంతాలతో కొత్త డైనమో చేశారు. మా ట్రాక్టరు బోల్టు దగ్గర జరిగింది సరిగ్గా ఇదే రోగం. పని చెయ్యాల్సిన చోట కాకుండా దారిలో కాలిపోవడం.

1879 అక్టోబరులో బొగ్గు చేసిన నూలు దారం గంటల తరబడి వెలిగింది. ఆ డిసెంబరు 31 రాత్రి జనం చూడ్డానికొచ్చారు, పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వాళ్ళు ప్రత్యేకంగా రైళ్ళు నడిపారు. నేను పొద్దున్నే మెట్రోపార్క్‌లో ఎక్కే న్యూయార్క్ రైలుది అదే లైను.

ఇక్కడో పిట్టకథ. 1878 నవంబరులో హంగేరీకి చెందిన తివదార్ పుష్కాష్‌కి రాసిన ఉత్తరంలో ఎడిసన్, ఆలోచన తట్టడం ఒక్క ఊపులో అయిపోతుంది, తర్వాతే చిక్కులు మొదలవుతాయి అంటూ ఆ చిన్న చిన్న లోపాలకి 'బగ్స్' అనే మాట వాడాడు. మన వృత్తిలో అందరూ చెప్పుకునే పురుగు కథ 1947 నాటిది, హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్లో దొరికిన రెక్కల పురుగుని లాగ్ పుస్తకంలో అతికించిన సంగతి. ఆ రాసిన వాక్యంలోనే ఎగతాళి ఉంది, మాట అప్పటికే పాతది కాబట్టే ఆ జోకు పేలింది. నేను నెలకి రెండొందల బగ్స్ మూసేస్తుంటాను. ఆ మాట ఈ పేటలోంచే ఉత్తరాలకెక్కిందని మా ఆఫీసులో ఒక్కడికీ తెలీదు. చెప్పాను. ఒకడు "టికెట్ నంబరెంత?" అన్నాడు.

నాకు బాగా నచ్చింది మాత్రం 1880 నాటి కందకాల కథ. వీధి దీపాల కోసం మెన్లో పార్క్ మట్టిలో కందకాలు తవ్వి, తారు పూసిన చెక్క కాలువల్లో మైళ్ళ కొద్దీ తీగ పరిచి పూడ్చేశారు. పరీక్షిస్తే ఎక్కడికక్కడ కరెంటు భూమిలోకి కారిపోతోంది. మా ట్రాక్టరుకి ఎర్తు అందక చిక్కొస్తే, వాళ్ళకి అక్కర్లేని చోటల్లా ఎర్తు అందింది. మొత్తం మళ్ళీ తవ్వారు. విల్సన్ హోవెల్ అనే కుర్రాణ్ణి లైబ్రరీలో కూర్చోబెట్టి, కరెంటుని ఆపే పదార్థాల గురించి దొరికినదల్లా చదవమన్నారు. ఏవేవో కలిపి కాచి ల్యాబంతా కంపు చేసి, ఆఖరికి ట్రినిడాడ్ తారుని అవిశనూనెలో కాచి, కాస్త ప్యారఫిన్, కాస్త తేనెమైనం వేసి, ఆ పాకంలో ముంచిన గుడ్డ పేలికలు తీగకి చుట్టారు. అదీ నిలబడింది. బల్బు వెలిగిన రాత్రి గురించి వంద పుస్తకాలున్నాయి. పూడ్చిన కందకం మళ్ళీ తవ్వుతున్న మనుషుల మొహాలు నాకు ఇంకా బాగా కనిపిస్తాయి. శుక్రవారం సాయంత్రం రిలీజ్ వెనక్కి తీసుకున్న ప్రతివాడికీ కనిపిస్తాయి. ఈ పని చూసిన జాన్ క్రూసీయే తర్వాత ఇనప గొట్టాల్లో తీగలు బిగించి న్యూయార్క్ వీధుల కింద పరిచాడు. 1882 సెప్టెంబరు 4న పెర్ల్ స్ట్రీట్‌లో స్విచ్ వేశారు. ఏదన్నా తేడా వస్తే ముందు తనే కరిగిపోయి మిగతాదాన్ని కాపాడే సీసం తీగ, అంటే ఫ్యూజు, దానికి కూడా ఎడిసన్ 1880లో పేటెంటు తీసుకున్నాడు. చాక్లెట్ కాగితానికి మాత్రం ఎవరూ తీసుకోలేదు.

నాన్నకి ఇదంతా చెబుతుంటే "మరి మనకెప్పుడొచ్చిందిరా?" అన్నారు. ఆ ఎడిసన్ కంపెనీ ఇంకోదానితో కలిసి 1892లో జనరల్ ఎలక్ట్రిక్ అయింది. వాళ్ళ యంత్రాలతోనే 1902లో మైసూరు రాజ్యంలో శివసముద్రం దగ్గర కావేరి నీళ్ళతో కరెంటు తీసి, 92 మైళ్ళ దూరం తీగల మీద కోలారు బంగారు గనులకి పంపారు. ఆ గనుల్లో దిగినవాళ్ళలో తమిళులతో పాటు మన తెలుగువాళ్ళూ వేలల్లో ఉన్నారు. అంటే మనవాళ్ళలో కొందరు కరెంటు దీపాన్ని మొదట చూసింది గనిలో. మా ఊరి సంగతి వేరు. 1955లో మాచ్‌ఖండ్ నుంచి కరెంటు మొదలయ్యాక కూడా మా ఊరికి స్తంభాలు రావడానికి ఇంకో పదేళ్ళు పట్టిందని నాన్న అన్నారు. మొదటి రోజు తాతయ్య స్విచ్ వేసి, వెలిగిందో లేదో చూడకుండా ఆపేశారట, బిల్లు భయంతో.

ట్రాక్టరు దగ్గరికి తిరిగొస్తాను. స్టార్టవుతోంది కదా అని మొత్తం విప్పి, తుప్పు గీకి, పసుపూ తెలుపూ రంగులు కొత్తగా వేశాను. వైర్లు మాత్రం మళ్ళీ ఎర్రవే, దుకాణంలో ఎరుపు చుట్ట చవగ్గా వచ్చింది. తిరిగి బిగించి స్టార్ట్ చేస్తే ఇంజను పిల్లిలా గుర్రుమంటోంది. చార్జింగ్ లేదు. ఆమ్‌మీటరు ముల్లు సున్నా దగ్గర చచ్చిపడి ఉంది.

ఈ బండికి స్టార్టరూ డైనమో వేరు వేరుగా ఉండవు. ఇంజనుకి బెల్టుతో కలిపిన ఒకే డబ్బా. కీ తిప్పినప్పుడు మోటారై ఇంజన్ని తిప్పుతుంది. ఇంజను అందుకున్నాక అదే డైనమోగా మారి బ్యాటరీకి అప్పు తీరుస్తుంది. చార్లెస్ కెటరింగ్ 1912 క్యాడిలాక్ కారులో పెట్టిన సెల్ఫ్ స్టార్టరు కూడా ఇలా రెండు పనులూ చేసేదే. అంతకు ముందు కారుకి హ్యాండిల్ తిప్పాలి, ఇంజను ఎదురు తంతే మణికట్టు విరిగేది. అంత పనికి కారు పట్టనంత మోటారు కావాలని అందరూ అనుకుంటుంటే, కెటరింగ్ అంతకు ముందు దుకాణాల క్యాష్ రిజిస్టర్లకి మోటార్లు పెట్టి ఉన్నాడు కనక ఆయనకి తెలుసు: పని కొన్ని క్షణాలే అయితే చిన్న మోటార్ని దాని తాహతుకి మించి తోమచ్చు. అది వేడెక్కేలోపు పని అయిపోతుంది. కన్సల్టెంట్లని ప్రాజెక్టుల్లో వాడే పద్ధతీ ఇదే, ఆ కొన్ని క్షణాలన్న మాటొక్కటి వదిలేస్తారు.

"డైనమో పోయింది" అన్నారు నాన్న.

ఈసారి నాకు నమ్మకం కుదరలేదు. డైనమోకి 'ఏ', 'ఎఫ్' అని రెండు కొనలుంటాయి. 'ఏ' దగ్గర కరెంటు వస్తుంది. 'ఎఫ్' లోపలి అయస్కాంతపు చుట్టది, అది రెగ్యులేటర్ లోంచి ఎర్తుకి చేరాలి. ఇంజను నడుస్తుండగా 'ఏ' దగ్గర మీటరు పెడితే ఒకటిన్నర వోల్టులు. ఒక వైరు ముక్కతో 'ఎఫ్'ని నేరుగా ఎర్తుకి తగిలిస్తే ఒక్క ఉదుటున పదహారు దాటింది, వెంటనే తీసేశాను. డైనమో శుభ్రంగా బతికే ఉంది. దాని చుట్టకి ఎర్తు అందట్లేదు. ఎందుకందట్లేదంటే, రెగ్యులేటర్‌కి ఎర్తు అంటే దాని అడుగు రేకు ఫ్రేముకి తగలడమే. ఆ తగిలే చోట నేను ఎంతో శ్రద్ధగా రెండు పూతలు పసుపు రంగు వేశాను. రంగు కరెంటుని పోనివ్వదు. ఎలకలూ తుప్పూ చెయ్యలేని పని నేను బ్రష్షుతో చేశాను. బోల్టుల కింద కాస్త రంగు గీకితే ముల్లు కుడివైపుకి లేచింది. ఇంజను నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 14 వోల్టులు.

నాన్న ముల్లు వంక చూస్తూ, "ఎర్తు తగలక ముందు ఒకటిన్నర చూపించిందన్నావే, అది ఎక్కణ్ణించొచ్చింది?" అన్నారు.

మంచి ప్రశ్న. 1866, 67ల్లో బెర్లిన్లో వెర్నర్ సీమెన్స్‌కీ, లండన్లో వీట్‌స్టన్‌కీ, వార్లీకీ ఇంచుమించు ఒకేసారి దొరికిన జవాబు అది. అప్పటిదాకా డైనమోలో శాశ్వత అయస్కాంతం పెట్టాల్సిందే అనుకునేవాళ్ళు. వీళ్ళు చెప్పిందేమిటంటే, ఒకసారి కరెంటు పారిన ఇనుము ఆ తర్వాత కూడా కాస్త అయస్కాంతాన్ని దాచుకుంటుంది. డైనమో తిరిగితే ఆ కాస్తే ఓ పిసరు కరెంటు పుట్టిస్తుంది, ఆ పిసరు అయస్కాంతాన్ని ఇంకొంచెం పెంచుతుంది, అది కరెంటుని ఇంకొంచెం. పాలలో తోడు చుక్కలాగా. ఆ చుక్క లేకపోతే డైనమో ఎంత తిప్పినా తిరగడమే. ఈ బండిలో ప్రతి స్టార్టుకీ బ్యాటరీ కరెంటు పారి ఆ చుక్క దానంతటదే పడుతుంది. విడిగా డైనమో ఉండే బళ్ళకి మాత్రం, చాన్నాళ్ళు మూల పడేసి ఉంచినా, విప్పి బిగించినా అది పోవచ్చు. అప్పుడు బ్యాటరీ నుంచి ఒక్క క్షణం దాని చుట్టకి కరెంటు తగిలించి మళ్ళీ తోడు వెయ్యాలి.

ఇంత హుషారుగా చెప్పాక చూశాను, నాన్న ముల్లు వంక చూడట్లేదు.

మా ఇంట్లో ఓ ఎర్ర ట్రాక్టరుండేది. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. 2002 కరువులో ఏడాది పైన పాకలో ఉండిపోయింది. బ్యాటరీ తీసి అమ్మేశారు. మరుసటేడు కొత్త బ్యాటరీ వేస్తే బండి కదిలింది గానీ చార్జింగ్ లేదు. మెకానిక్ చూసి డైనమో పోయింది, కొత్తది వెయ్యాలన్నాడు. ఆ ఏడు ఆ డబ్బు లేదు. బ్యాటరీని మోపెడ్ మీద పెట్టుకుని టౌనుకెళ్ళి చార్జింగ్ పెట్టించుకొచ్చేవారు. రాత్రి పూట చెరువుగట్టు ఏటవాలు మీద ఆపేవారు, పొద్దున్నే బ్రేకు వదిలితే దొర్లి స్టార్టవుతుందని. నేనూ వెనక నుంచి తోసిన రోజులున్నాయి. రెండు పంటలు అలా లాగి, పాత ఇనుప సామానువాడికి అమ్మేశారు. ఆ తర్వాత దుక్కికి అద్దె బండే.

"ఎంతసేపు తగిలించాలి?" అన్నారు నాన్న.

"ఒక్క క్షణం. చిన్న నిప్పురవ్వ కనిపిస్తుంది, అంతే."

"వైరు ముక్కా?"

"ఊఁ."

దానికి అదే రోగమని చెప్పలేమని, బ్రష్‌లు అరిగిపోయి ఉండచ్చని, లోపల చుట్ట కాలిపోయి ఉండచ్చని, మెకానిక్ చెప్పిందే నిజమై ఉండచ్చని అన్నాను. అవన్నీ నిజమే. నాన్న తలూపారు. "చూసుంటే తెలిసేది" అని ఇంజను ఆపేశారు.

ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నవంబరులో వెళ్ళిపోయేదాకా రోజూ పొద్దున ఒకసారి స్టార్ట్ చేసి, పెరట్లో రెండు చుట్లు తిప్పి, రాలిన ఆకుల మీద టైరు గుర్తులు చూసుకునేవారు. వెళ్ళే ముందు రోజు నన్ను తెల్ల టేపూ పెన్నూ అడిగి తీసుకున్నారు. మేం ఎయిర్‌పోర్టు నుంచి తిరిగొచ్చాక బోనెట్ ఎత్తి చూస్తే, అన్నీ ఎర్రగా ఉన్న ఆ వైర్లలో ప్రతిదానికీ ఒక చీటీ చుట్టి ఉంది. వంకర టింకర తెలుగు అక్షరాల్లో: బ్యాటరీ, లైట్లు, డైనమో. ఎర్తు అని మాత్రం మూడు చోట్ల రాసి, కింద గీత గీశారు.